పాత స్టూడియో మానిటర్‌లో బొమ్మ తెల్లగా పేలిపోతోంది

ప్రశ్న: సెకండ్ హ్యాండ్‌లో సీఆర్‌టీ (పిక్చర్ ట్యూబ్ ఉండే) బ్రాడ్‌కాస్ట్ మానిటర్ తెచ్చుకున్నాను. కాంపోజిట్ వీడియో కేబుల్ వెనకున్న బీఎన్‌సీ సాకెట్‌లో పెట్టగానే ముఖాలన్నీ సున్నం కొట్టినట్టు ఉన్నాయి. కాంట్రాస్ట్ బాగా తగ్గించినా లాభం లేదు. ట్యూబ్ పోయిందేమోనని టెన్షన్!

జవాబు 1: ట్యూబ్ జోలికి పోకండి. వెనక టర్మినేషన్ స్విచ్ (సిగ్నల్ లైను చివర 75 ఓమ్‌ల రెసిస్టర్‌ను కలిపేది) ఉందా? లూప్ త్రూలో (సిగ్నల్‌ను మరో మానిటర్‌కు పంపే సాకెట్‌లో) ఇంకేమీ తగిలించకపోతే ఆ టర్మినేషన్ ఆన్‌లో ఉండాలి. లేకపోతే 1 వోల్ట్ సిగ్నల్ దాదాపు 2 వోల్టులై బొమ్మ తెల్లబడుతుంది. నేనూ ఒకసారి ఇలాగే సగం రోజు పోగొట్టుకున్నాను.

జవాబు 2: అది సరిచేశాక అరగంట వేడెక్కనివ్వండి. గదిలో లైట్లు తగ్గించి, ఎస్‌ఎంపీటీఈ కలర్ బార్లు (రంగులు సరిచూసే ప్రామాణిక పట్టీల బొమ్మ) పెట్టండి. కింద కుడివైపు మూడు సన్నని నల్ల పట్టీలుంటాయి. మొదటి రెండూ కలిసిపోయి, మూడోది మాత్రం లీలగా కనిపించేదాకా బ్రైట్‌నెస్ తిప్పండి. తర్వాత నీలం మాత్రమే చూపే 'బ్లూ ఓన్లీ' బటన్ నొక్కండి. క్రోమా (రంగు గాఢత) తిప్పుతూ రెండు చివరల బార్లను, ఫేజ్‌తో (రంగు ఛాయతో) మధ్య బార్లను వాటి కింది ముక్కలతో సమానం చేయండి. కంటికి నచ్చినట్టు రంగులు పెట్టకండి, కన్ను మోసం చేస్తుంది.

ప్రశ్న అడిగినవారు: స్విచ్ ఆఫ్‌లోనే ఉంది! ఇప్పుడు ముఖాలు ముఖాల్లా ఉన్నాయి. కానీ దీనికి ఫేజ్ నాబ్ పనిచేయట్లేదే?

జవాబు 2: మీది పాల్ (PAL) అనే టీవీ రంగుల పద్ధతి సిగ్నలై ఉంటుంది. అందులో ఫేజ్ తప్పు దానంతటదే సర్దుకుంటుంది. నాబ్ ఎన్‌టీఎస్‌సీ అనే ఇంకో పద్ధతికే.