గుంపుగా జంతువుల పార్కుకు వెళ్తున్నాం: షోలు చూడాలా, మానేయాలా?

తూనీగ:
స్నేహితుల కుటుంబాలన్నీ కలిసి వచ్చే నెల విదేశంలోని ఒక జంతువుల థీమ్ పార్కుకు వెళ్దామనుకుంటున్నాం. రైడ్లు, బండిలో సఫారీ, పక్షుల విభాగం, మధ్యాహ్నం డాల్ఫిన్ షో, పులిపిల్లతో ఫొటో అన్నీ అక్కడే ఉన్నాయి. టికెట్ల మాట వచ్చేసరికి మాలో రెండు పక్షాలయ్యాయి. "హాయిగా ఒకరోజు గడుపుదామని వెళ్తూ ఇంత ఆలోచన దేనికి?" అని ఎక్కువమంది అంటున్నారు. "జంతువుల్ని ఆడించే చోటికి మా పిల్లల్ని తీసుకురాం" అని రెండు కుటుంబాలు గట్టిగా చెప్పేశాయి. అందరూ రావాలనే నా కోరిక. మీరైతే ఏం చేస్తారు?

నీలిమేఘం:
నన్నడిగితే వెళ్లండి, అన్నీ చూడండి. జిరాఫీని పుస్తకంలో చూడటం వేరు, అది బండి పక్కకొచ్చి మెడ వంచి మనల్ని చూడటం వేరు. పిల్లలకు జంతువుల మీద ఇష్టం పుట్టేది అలాంటి చోటే. ఇంకో సంగతి. అరేబియన్ ఓరిక్స్ అనే తెల్లటి జింకజాతి 1972 నాటికి సహజ ఆవాసంలో ఒక్కటీ మిగల్లేదు. మనుషులు పెంచి కాపాడిన మందల నుంచే 1982లో ఒమన్ ఎడారిలోకి మళ్లీ వదిలారు. జనం టికెట్లు కొనకపోతే ఇలాంటి పనులకు డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది?

గడ్డిపోచ:
నీలిమేఘం గారూ, ఓరిక్స్ సంగతి నిజమే. కానీ వాటిని బతికించింది పెంపకం. వాటిచేత ఎవరూ గంతులు వేయించలేదు. తూనీగ గారి గ్రూపులో తగువు పార్కు గురించి కాదు, షో గురించి, ఫొటో గురించి. ఆ రెంటినీ విడిగా చూడాలి.

డాల్ఫిన్ షో ముందు వరుసలో కూర్చుంటే అది నవ్వుతున్నట్టే కనిపిస్తుంది. ఆ నవ్వు దాని దవడ ఆకారం, అంతే. జబ్బుగా ఉన్నా, బెదిరిపోయినా ఆ ముఖం అలాగే ఉంటుంది. అందుకే చూసేవాళ్లకు దాని కష్టం తెలియదు. డాల్ఫిన్ల కుటుంబానికే చెందిన నలుపు తెలుపు భారీ ప్రాణులు ఓర్కాల్లో అయితే కంటికి తెలిసిపోతుంది. తొట్టెల్లో పెరిగిన పెద్ద మగ ఓర్కాల వీపు మీది రెక్క దాదాపు అన్నింటికీ ఒక పక్కకు వాలిపోతుంది. సముద్రంలో ఉన్నవాటికి అలా జరగడం అరుదు. రోజుకు వంద కిలోమీటర్లు ఈదగల ప్రాణిని తొట్టెలో పెట్టి, కేరింతలు కొట్టే జనం ముందుకు తెస్తున్నాం.

ఇది నా ఒక్కడి బెంగ అనుకోకండి. అమెరికాలో సముద్రజీవుల పార్కులు నడిపే సీవరల్డ్ సంస్థ 2016 మార్చిలో ఓర్కాల పెంపకం ఆపేస్తామని ప్రకటించింది. అదే ఏడాది కాలిఫోర్నియా రాష్ట్రం చట్టమే చేసింది. డాల్ఫిన్ కేంద్రాలు పెట్టడానికి వీల్లేదని భారత ప్రభుత్వం 2013లోనే చెప్పింది. తిమింగలాలను, డాల్ఫిన్లను వినోదం కోసం బంధించి ఉంచకూడదని కెనడా 2019లో చట్టం తెచ్చింది. ఇన్ని దేశాలు ఊరికే ఇలా ఎందుకు చేస్తాయి?

ఇక పులిపిల్లతో ఫొటో. నాకు అన్నింటికన్నా బాధ కలిగించేది ఇదే. పిల్ల ఒడిలో పట్టేంత చిన్నదిగా ఉండేది కొన్ని వారాలే. అది దాటితే దానితో ఫొటో ప్రమాదం, మళ్లీ కొత్త పిల్ల కావాలి. ఆ పిల్ల తల్లి దగ్గర ఉండాల్సిన వయసులో రోజంతా చేతులు మారుతుంది. పెద్దదయ్యాక ఎక్కడికి పోతుందో ఫొటో దిగినవాళ్లకు ఎవరూ చెప్పరు. అమెరికాలో 2022 డిసెంబరులో వచ్చిన చట్టం ప్రజలు పులిపిల్లల్ని తాకడాన్నే ఆపేసింది. మీ గ్రూపులో ఎవరు ఏమన్నా సరే, ఆ ఒక్క టికెట్ మాత్రం కొనకండి.

నడకదారి:
నేను జంతుప్రదర్శనశాలలో ఏనుగుల దగ్గర పనిచేశాను. గడ్డిపోచ గారి మాటలతో చాలావరకు ఏకీభవిస్తాను గానీ, శిక్షణ అంటేనే హింస అని ఎవరైనా అనుకుంటే అది సరికాదు.

మా దగ్గర పొద్దున్నే ఒక ఏనుగు కటకటాల దగ్గరికి వచ్చేది. కర్ర చివర బంతి చూపిస్తే ముందుకాలు ఎత్తి అడ్డకమ్మీ మీద పెట్టేది. అరికాలు కడిగి, పగుళ్లలో రాళ్లేమైనా ఇరుక్కున్నాయేమో చూసి, గోళ్లను ఆకురాయితో అరగదీసేవాళ్లం. విజిల్ వినపడగానే ఒక పండు ముక్క. మధ్యలో విసుగేస్తే కాలు దించేసి వెళ్లిపోయేది. ఎవరూ వెంటపడేవాళ్లు కాదు, అంకుశం మాట లేదు. ఈ శిక్షణే లేకపోతే గోరు చూడాలన్నా మత్తుమందు ఇవ్వాలి. ఏనుగుకు మత్తు చిన్న విషయం కాదు.

కాబట్టి అక్కడికి వెళ్లాక నేను చూసేది ఒక్కటే: ఆ జంతువు ఇష్టం లేనప్పుడు వెళ్లిపోగలదా? వెనక నీడ, తలుపు, జనం కంటపడని చోటు ఉన్నాయా? ఏనుగు ఒకేచోట నిలబడి గంటల తరబడి అటూ ఇటూ ఊగుతున్నా, పులి ఒకే గీత మీద తిరుగుతున్నా అక్కడ ఏదో తేడా ఉందని అర్థం. పంచవన్నెల చిలకకు ఒంటి మీద ఈకలు రాలిపోయి తల మీద మాత్రం నిండుగా ఉంటే, తన ఈకలు తానే పీక్కుంటోందేమో అని అనుమానించాలి. తలకు ముక్కు అందదు కాబట్టి అక్కడ మిగులుతాయి. పిల్లలకు ఇవి చూపించి చెప్పండి. షోకంటే ఎక్కువ తెలుసుకుంటారు.

నీలిమేఘం:
పులిపిల్ల ఫొటో విషయంలో వాదించను, అది మానేయాల్సిందే. షో గురించి మాత్రం ఇంకా నాకు పూర్తిగా నచ్చలేదు. పెద్దవాళ్లు వస్తారు, రోజంతా నడవలేరు. నీడలో కూర్చుని అందరూ కలిసి చూసేది అక్కడ అదొక్కటే. అది తీసేస్తే గుంపు చెల్లాచెదురైపోతుంది. మనుషుల సౌకర్యాన్నీ లెక్కలోకి తీసుకోవాలి కదా.

వానచినుకు:
నీలిమేఘం గారి ఇబ్బంది నిజమైనదే, దానికి వేరే దారి ఉంది. సఫారీ బండి కూర్చుని చూసేదే కదా, పెద్దవాళ్లకు అంతకన్నా హాయి ఏముంది? గేటు తెరవగానే మొదట దానికే వెళ్లండి. సింహం రోజులో 20 గంటల వరకు పడుకునే ఉంటుంది, ఎండెక్కితే చెట్టుకింద తోక తప్ప ఏమీ కనిపించదు. చల్లని పూట అయితే లేచి తిరిగే అవకాశం ఎక్కువ. మధ్యాహ్నం రైడ్లకు వెళ్లేవాళ్లు వెళ్తారు, మిగతావాళ్లు నీడలో కూర్చుంటారు. పొద్దుటే ఒక చోటు, ఒక టైమ్ అనుకుంటే చాలు, అందరూ అక్కడికే చేరతారు. రోజంతా అందరినీ ఒకే వరుసలో తిప్పాలనుకుంటేనే టెన్షన్.

జంతువుల చేత ఏమీ చేయించకుండానే పిల్లల్ని కట్టిపడేయొచ్చు. ఫ్లోరిడాలో 1998 ఏప్రిల్ 22న, ధరిత్రీ దినోత్సవం రోజున తెరిచిన డిస్నీ యానిమల్ కింగ్‌డమ్‌లో పెద్ద కృత్రిమ వృక్షం ఉంది. దాని మీద 300కు పైగా జంతువుల రూపాలు చెక్కారు. వెతుక్కుంటూ పోతే టైమే తెలియదు. అక్కడ బెలూన్లు, ప్లాస్టిక్ స్ట్రాలు ఉండవు, జంతువులు మింగితే ప్రమాదమని. మీరు వెళ్లే చోట ఆ నియమం ఉన్నా లేకపోయినా పిల్లల చేతికి బెలూన్ ఇవ్వకండి.

తూనీగ:
అందరికీ ధన్యవాదాలు. పొద్దున సఫారీ, తర్వాత పక్షులు, మధ్యాహ్నం రైడ్లు అనుకున్నాం. ఫొటో వద్దని అందరూ ఒప్పుకున్నారు. షో చూస్తామన్నవాళ్లను ఆపను, మిగతావాళ్లం ఆ టైమ్‌లో ఇంకోచోట ఉంటాం. పిల్లల్ని తీసుకురామని చెప్పిన ఆ రెండు కుటుంబాలు దీనికి సరేనన్నాయి.

గడ్డిపోచ:
షో టికెట్ విడిగా అమ్ముతున్నారా, ప్రవేశ టికెట్‌లోనే కలిపేశారా? కలిపి ఉంటే మీరు చూడకపోయినా షోకూ మీ డబ్బు వెళ్తుంది. అప్పుడు షో లేని పార్కు చూసుకోవడం మేలని నా అభిప్రాయం. టికెట్లు తీసుకునే ముందే కనుక్కోండి.

తూనీగ:
అది తట్టలేదు. రేపు ఫోన్ చేసి అడుగుతాను. కలిపి ఉందంటే మిగతావాళ్లతో మళ్లీ మాట్లాడాలి.