30×40 అడుగుల సైటులో ‘రీజెనరేటివ్’ ఇల్లు: ఆర్కిటెక్ట్ చెప్పేదాంట్లో పస ఉందా?

హొరమావు కొత్తిల్లు:
అందరికీ నమస్కారం. మాది అనంతపురం. పదకొండేళ్లుగా బెంగళూరులో ఉద్యోగం. హొరమావు దగ్గర 30×40 సైటులో ఇల్లు మొదలుపెడుతున్నాం. మా ఆర్కిటెక్ట్ మొదటి మీటింగులోనే, “సస్టైనబుల్ అంటే నేలకి చేసే చెడు తగ్గించడం, రీజెనరేటివ్ అంటే నేలకి తిరిగి ఇవ్వడం” అంది. వినడానికి బాగుంది. మా నాన్న మాత్రం “తిరిగి ఇచ్చేది నువ్వేరా, ఈఎంఐ రూపంలో” అంటున్నాడు.

ఆమె లిస్టు: మట్టి ఇటుకలు, ర్యాట్ ట్రాప్ గోడలు (మధ్యలో బోలుండే ఇటుక గోడలు), ఫిల్లర్ స్లాబు (కాంక్రీటు కొంత తగ్గించి ఆ చోట పెంకుల్లాంటివి పెట్టి పోసే స్లాబు), ఇంకుడు బావి, వాడిన నీళ్లకు మొక్కల మడి. అన్నీ నా బడ్జెట్‌లో అవ్వవు. ఇలాంటి ఇల్లు కట్టుకుని అందులోనే ఉంటున్నవాళ్లు ఎవరైనా ఉంటే, ఏది ముందో చెప్పండి. శనివారం జేసీబీ వస్తోంది, టెన్షన్‌గా ఉంది.

ట్యాంకర్ బాధితుడు:
అన్నా, సోలార్ పెట్టించుకో. 3 కిలోవాట్లకి కేంద్రం సబ్సిడీ 78,000 ఉంది. మిగతావన్నీ బ్రోచర్ మాటలు.

హిందూపురం టీచరమ్మ:
నాయనా, అలాంటి ఇంట్లోనే ఉంటున్నాను. విద్యారణ్యపురలో 2014లో గృహప్రవేశం చేశాం. లెక్కల టీచరుగా రిటైరయ్యాను కాబట్టి ముందు లెక్క చూద్దాం.

బెంగళూరులో ఏడాదికి సగటున 970 మిల్లీమీటర్ల దాకా వాన. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు పడితే ఒక లీటరు. నీ స్లాబు 900 చదరపు అడుగులనుకో, అంటే 84 చదరపు మీటర్లు. ఏడాదికి 81 వేల లీటర్లు. మొదటి మురికి వాన వదిలేసేది, ఆవిరయ్యేది పోను 70 వేలు అనుకుందాం. మనిషికి రోజుకి 135 లీటర్ల చొప్పున నలుగురికి 540. భాగించి చూడు, 130 రోజులు. ఏడాదిలో మూడో వంతు కంటే కాస్త ఎక్కువ, అంతే. “మీ ఇల్లు తీసుకున్నదానికంటే ఎక్కువ ఇస్తుంది” అని ఎవరన్నా ఈ లెక్క వాళ్ల ముందు పెట్టు.

అలాగని ఆ మూడో వంతు చిన్నదేం కాదు. కుళాయిలో వచ్చే కావేరి నీళ్లు వంద కిలోమీటర్ల దూరం నుంచి, అర కిలోమీటరు ఎత్తుకి పంపు చేస్తే వస్తున్నాయి. కరెంటు ఎంత ఖర్చవుతుందో ఆలోచించు. 2024 మార్చిలో మా వీధి అంతా ట్యాంకర్ల వెంట పడితే మేం రెండు తెప్పించుకున్నాం. అసలు తెప్పించలేదని గొప్పలు చెప్పను.

మా సంపు 10 వేల లీటర్లు. నిండి పొర్లిన నీళ్లు 3 అడుగుల వెడల్పు, 20 అడుగుల లోతున్న ఇంకుడు బావిలోకి పోతాయి. దాని అడుగున సిమెంటు వేయకూడదు. తవ్వినవాళ్లు మన్ను వడ్డెరలు. ఈ ఊళ్లో తరతరాలుగా బావులు తవ్వుతున్నది వాళ్లే. నేను వచ్చీరాని కన్నడలో బేరమాడుతుంటే పెద్దాయన నవ్వి, “తెలుగులోనే అడుగమ్మా” అన్నాడు. వాళ్లింట్లో మాట్లాడేది తెలుగే, యాస వేరు. ఇద్దరు మనుషులు, మూడు రోజులు. పదిహేను అడుగులు ఎర్రమట్టి, ఆ తర్వాత మొరం. గడ్డపార చప్పుడు మారగానే ఆయన పైకి చూసి “ఇక్కడ్నుంచి తాగుతుంది” అన్నాడు. నిజంగానే తాగుతోంది. ఎంత వాన పడ్డా రెండో రోజుకి బావి ఖాళీ.

ఇక్కడ వాననీటి ఏర్పాటు 2009 నుంచే తప్పనిసరి, కాబట్టి ఏదో ఒకటి నువ్వూ చేస్తావు. చాలామంది డ్రమ్ములో కంకర పోసి ఫొటో తీసి ఊరుకుంటారు. జయనగర్‌లో విశ్వేశ్వరయ్య గారి పేరు మీద వాననీటి పార్కు ఉంది, ఒకసారి వెళ్లి చూడు.

తర్వాత మట్టి. పునాది మట్టిని టిప్పర్లో ఎక్కించి పంపేశావంటే మళ్లీ డబ్బిచ్చి వేరే మట్టి కొనుక్కోవాలి. మా కింది అంతస్తు గోడల్లో సగానికి పైగా మా సంపు, పునాదుల మట్టే. కాల్చే పని లేదు. కొద్దిగా సిమెంటు కలిపి, ప్రెస్సులో నొక్కి, మూడు వారాలు తడపడమే. 1974లో ఇక్కడి సైన్సు పరిశోధన సంస్థ ఐఐఎస్సీలో ఆస్ట్రా అని మొదలైన విభాగం వాళ్లు ఏళ్ల తరబడి పరీక్షించిన పద్ధతి ఇది.

మేం చేసిన తప్పులు కూడా విను. పడమటి వైపు చూరు పొట్టిగా పెట్టాం, ఏటవాలు వానకి మూడేళ్లలో కింది వరుసలు ఒరిసిపోయాయి. పై అంతస్తు కాల్చిన ఇటుకతో ర్యాట్ ట్రాప్ కట్టించాం. ఇటుక నిలబెట్టి కడతారు, మధ్యలో బోలు, నాలుగో వంతు ఇటుకలు మిగులుతాయి. ఆర్కిటెక్ట్ లారీ బేకర్ గారు కేరళలో ఊరూరా కట్టిన రకం. మా ఎలక్ట్రీషియన్ మామూలు గోడ అనుకుని గాడి కొట్టాడు, ఇటుకలు లోపలికే పడ్డాయి! ఆ గోడ ముందు మా ఆయన నిలబడ్డ తీరు ఇంకా కళ్లలో ఉంది. పైపులు గోడ లేస్తుండగానే పెట్టించు.

ఫిల్లర్ స్లాబు మేం చేయలేదు, దాని గురించి చెప్పలేను.

సైటు ఇంజనీరు:
టీచరమ్మ గారి లెక్క కరెక్ట్. మూడు మాటలు కలుపుతాను. సిమెంటు ఎంత కలపాలో మట్టిని బట్టి ఉంటుంది, సాధారణంగా 5 నుంచి 8 శాతం. మట్టిలో బంక ఎక్కువైతే ఇసుక కలపాలి. నల్లరేగడి తగిలితే ఆ ఆలోచన మానుకోండి. రెండోది, వాననీళ్లు నేరుగా బోరులోకి వదలొద్దు, మురికి లోపలికి వెళ్లిందంటే తిరిగి తీయలేం. మూడోది, బట్టలు ఉతికిన నీళ్లు ఇంకుడు బావికి కాదు, మడికి. మెట్టతామర, అరటి బాగా తాగుతాయి.

ట్యాంకర్ బాధితుడు గారూ, సోలార్ ఎప్పుడైనా పెట్టుకోవచ్చు. పునాది మట్టి వెళ్లిపోతే రాదు.

హొరమావు కొత్తిల్లు:
అందరికీ థ్యాంక్స్. టీచరమ్మ గారూ, మీ లెక్క నాన్నకి ఫోన్లో చదివి వినిపించాను. “బావి ముందు తవ్వించు, మిగతాది తర్వాత చూద్దాం” అన్నాడు. ఫిల్లర్ స్లాబు, ర్యాట్ ట్రాప్ తీసేశాను. మట్టి పోసుకోవడానికి పక్క ఖాళీ సైటు ఓనరు ఒప్పుకున్నారు, కానీ నెల రోజులే టైమిచ్చారు. సరిపోతుందా?

హిందూపురం టీచరమ్మ:
ఇటుక నొక్కడానికి సరిపోతుంది, మూడు వారాలు తడిపి ఆరబెట్టడానికి సరిపోదు. ఇటుకల్ని నీ సైటులోనే వెనక మూల నీడలో పేర్పించు. పైమట్టి ఒక అడుగు విడిగా పోయించు, అందులో వేర్లు, ఆకులు ఉంటాయి, ఇటుకకి పనికిరాదు, మొక్కల మడికి కావాలి. శనివారం జేసీబీ వాడికి ఆ మాట నువ్వే దగ్గరుండి చెప్పు. మేస్త్రీకి వదిలేశావంటే మొత్తం ఒకే కుప్ప చేస్తాడు.