కొలరాడోలో కొత్త తుపాకీ చట్టం వస్తోందని మావాడు ముందే కొనేస్తానంటున్నాడు, ఏం చెయ్యమంటారు?

కాశీనగర్ రైతు:
అందరికీ నమస్కారం. మాది ఒడిశాలో గజపతి జిల్లా, కాశీనగర్ దగ్గర పల్లె. అబ్బాయికి అమెరికాలో, కొలరాడో రాష్ట్రం డెన్వర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, హెచ్‌-1బీ వీసా. 2026 ఆగస్టు 1 నుంచి అక్కడ కొన్ని రకాల తుపాకులు కొనడం కష్టమవుతుందట. "ఇప్పుడే ఒకటి తీసేసుకుంటే గొడవ వదిలిపోతుంది నాన్నా. వీసా అడ్డమొస్తే రూమ్మేట్ తన పేరు మీద కొంటాడు" అంటున్నాడు. ఆ కుర్రాడు అక్కడే పుట్టినవాడు.

నాకు తుపాకీ కొత్తేం కాదు. మా నాన్న నాటి సింగిల్ బ్యారెల్ నా పేరు మీదకి మార్పించుకున్నాను. మొక్కజొన్న మీద పందులు పడితే గాలిలోకి పేల్చడానికే. ఎలక్షన్ కోడ్ వచ్చిందంటే దాన్ని గోనెపట్టాలో చుట్టి ఠాణాలో అప్పగించాలి, కౌంటింగ్ అయ్యాక రసీదు పట్టుకుని మళ్లీ తిరగాలి. ఒకసారి తిరిగిచ్చేసరికి గొట్టం నిండా తుప్పు. అడిగితే "నూనె రాయడం కూడా మా డ్యూటీయేనా" అన్నారు. వాడికేమో చెప్పుల జత కొన్నంత తేలిక! వాళ్లమ్మకి ఇంకా చెప్పలేదు.

బరంపురం టు డెన్వర్:
బాబాయ్ గారూ, వెంటనే ఫోన్ చేసి ఆపండి. కొలరాడో చట్టం సంగతి తర్వాత. అమెరికా మొత్తానికీ వర్తించే ఫెడరల్ చట్టం ప్రకారం హెచ్‌-1బీ లాంటి తాత్కాలిక వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటా గానీ దగ్గర ఉంచుకోకూడదు. వేట లైసెన్సు ఉంటే మినహాయింపు ఉంది. రూమ్మేట్ పేరు మీద కొనడం మాత్రం నేరుగా జైలు వ్యవహారం. షాపులో 4473 అనే ఫారం నింపాలి, అసలు కొంటున్నది మీరేనా అని అందులో అడుగుతారు. ఇంకొకరి కోసం కొంటూ అవునని రాస్తే ఇద్దరూ ఇరుక్కుంటారు. మీవాడు గ్రీన్‌కార్డు మీద ఆశ కూడా వదులుకోవాల్సిందే.

ఇక కొత్త చట్టం. విడదీసే మ్యాగజైన్ (తూటాల పెట్టె) ఉన్న సెమీ ఆటోమేటిక్ రైఫిళ్ల అమ్మకాన్నే ఆపేసేలా బిల్లు పెట్టారు, రాష్ట్ర సెనేట్‌లో అది మెత్తబడింది. చట్టం అమల్లోకి వచ్చాక షెరిఫ్ (అక్కడి కౌంటీ పోలీసు అధికారి) దగ్గర కార్డు తెచ్చుకుని, శిక్షణకి వెళ్లి, పరీక్షలో 90 శాతం తెచ్చుకుంటే కొనుక్కోవచ్చు. ఇప్పటికే ఇంట్లో ఉన్నవాటి జోలికి రారు. గవర్నర్ పోలిస్ 2025 ఏప్రిల్ 10న సంతకం పెట్టారు. బిల్లు తెచ్చినవాళ్లలో సెనేటర్ టామ్ సల్లివాన్ ఒకరు. 2012లో డెన్వర్ పక్కనున్న అరోరా సినిమా హాల్లో జరిగిన కాల్పుల్లో ఆయన కొడుకు చనిపోయాడు. నేనుండేది అరోరాలోనే, అందుకే ఇవన్నీ తెలుసు.

ఇంతకీ మీవాడికి తుపాకీ ఎందుకు?

గుణుపురం ప్లీడరు:
మన దగ్గర ఈ గందరగోళం లేదు. ఆయుధాలు రాజ్యాంగంలోని కేంద్ర జాబితాలో 5వ అంశం, భువనేశ్వర్‌లో అసెంబ్లీ తనంతట తాను తుపాకీ చట్టం చెయ్యడానికి వీల్లేదు. 1959 ఆయుధాల చట్టమే దేశమంతటికీ. 2019 సవరణతో ఒకరికి మూడు తుపాకులన్నది రెండుకి తగ్గించి, లైసెన్సు గడువు మూడేళ్ల నుంచి ఐదేళ్లకి పెంచారు. అమెరికాలో రాష్ట్రం దాటితే రూలు మారిపోతుంది, ఫెడరల్ చట్టం మాత్రం ఎక్కడికెళ్లినా వెంటే ఉంటుంది. కాబట్టి పైన బరంపురం అబ్బాయి చెప్పింది వినండి.

అన్నట్టు, ఈసారి అప్పగించేటప్పుడు గొట్టం శుభ్రంగా ఉందని రసీదు మీదే రాయించుకోండి. గొణుక్కుంటారు గానీ రాస్తారు.

కాశీనగర్ రైతు:
మాట్లాడాను. పార్కింగ్‌లో కార్ల అద్దాలు పగలగొడుతున్నారట, అదీ భయం. కొననని ఒప్పుకున్నాడు. కానీ ఇంకో సంగతి బయటపడింది. రూమ్మేట్‌కి సొంత పిస్టల్ ఉందట, హాల్లో టీవీ కింద సొరుగులో పడేస్తాడట! తాళం కూడా వెయ్యడట.

బరంపురం టు డెన్వర్:
అదీ తప్పే. తుపాకీ ఉంచుకోకూడని మనిషి అదే ఇంట్లో ఉంటే, అతని చేతికి అందకుండా తాళం వేసి పెట్టాలని 2021 నుంచి కొలరాడోలో చట్టం ఉంది. రేపు ఏదైనా జరిగితే మీవాడి దగ్గర కూడా ఉన్నట్టే లెక్కగట్టొచ్చు. సేఫ్ కొనమనండి, దాని కోడ్ మీవాడికి తెలియకూడదు. ఆ కుర్రాడు వినకపోతే ఇల్లు మారిపోవడం మేలు. మా అపార్ట్‌మెంట్‌లో ఒక గది ఖాళీగా ఉంది, నాకు మెసేజ్ పెట్టమనండి.