మధురవాడలో ఎండిపోతున్న బోరు: ఇంకుడు గుంత మేలా, సంపు మేలా?

మాది విశాఖ మధురవాడలో అపార్ట్‌మెంట్. మార్చి దాటితే మోటారు వేసిన కాసేపటికే బురద నీళ్లు, ఆ తర్వాత ఉత్త గాలి. ఇక ట్యాంకర్లే దిక్కు. నగరానికి వచ్చే మేఘాద్రిగెడ్డ, రైవాడ, తాటిపూడి జలాశయాల నీళ్లు, ఏలేరు కాలువ నీళ్లు ఎంతమందికని సరిపోతాయి?

విశాఖలో ఏడాదికి దాదాపు 1000 మి.మీ. వాన పడుతుంది. చదరపు మీటరుకు 1 మి.మీ. అంటే లీటరు. మా 300 చదరపు మీటర్ల డాబా మీద పడేదే 3 లక్షల లీటర్లు! అదంతా డ్రైనేజీలోకి పోతుంటే కడుపు తరుక్కుపోతోంది.

అసోసియేషన్‌లో కొందరు బోరు పక్కన ఇంకుడు గుంత చాలంటున్నారు. కానీ కింద అంతా రాయే, నీళ్లు ఇంకుతాయా? ఫిల్టర్ పెట్టి సంపులోకి మళ్లించడమే నయమని నాకనిపిస్తోంది. ఇలాంటి నేలలో చేయించినవాళ్లుంటే, మొదటి వాన మురికిని ఎలా వదిలేస్తున్నారో, బోరులో నీటిమట్టం నిజంగా పెరిగిందో లేదో దయచేసి చెప్పండి. వానాకాలం లోపే పని మొదలుపెట్టాలి.