హంగర్ గేమ్స్: సినిమా మాత్రమే చూసినవాళ్లకు గుహ సీన్లు ఎలా అనిపించాయి?

సుజాన్ కాలిన్స్ నవల (2008) మొత్తం, టీవీలో చూపించే చావు పోటీలో దిగిన టీనేజ్ అమ్మాయి కాట్నిస్ నోటితోనే నడుస్తుంది. గుహలో తన డిస్ట్రిక్ట్ కుర్రాడు, తోటి పోటీదారు పీటాకు ముద్దు పెట్టాక బయటి నుంచి కానుకగా సూప్ వస్తుంది. ఆ కానుకలు పంపే వాళ్ల గురువు హేమిచ్ లెక్క ఆమే పట్టేస్తుంది: ఒక ముద్దుకి ఒక గిన్నె. అప్పట్నుంచి ఏది నటన, ఏది నిజం అన్నది ఆమెకే తేలదు. నవలకు ప్రాణం అదే.

2012 సినిమాలో వాయిస్ ఓవర్ లేదు. ట్రాకర్ జాకర్ల (విషపు కందిరీగల) సంగతి టీవీలో పోటీ వ్యాఖ్యాత సీజర్ చెప్పేస్తాడు, అది బాగానే కుదిరింది. గుహలో మాత్రం సూప్‌తోపాటు "దీన్నీ ముద్దంటారా" అన్న అర్థంలో హేమిచ్ చీటీ పెట్టారు. విషయం అందుతుంది గానీ ఆమె తికమక అందదు. పోటీలో కాట్నిస్‌కు తోడైన చిన్నపిల్ల రూ చనిపోయాక, ఆ పిల్ల సొంత ప్రాంతం 11వ డిస్ట్రిక్ట్ కాట్నిస్‌కు పంపే రొట్టె తీసేసి అల్లర్లు చూపించారు. నాకైతే రొట్టే బలమైనది, సరే.

నవల చదవనివాళ్లు చెప్పండి: గుహలో కాట్నిస్ ప్రేమ నిజమనిపించిందా, నాటకమనిపించిందా? ఏ షాట్ దగ్గర? అలాగే, "నేను" అని చెప్పే టీనేజ్ నవలను వాయిస్ ఓవర్ లేకుండా సరిగ్గా తీసిన సినిమా ఉంటే, పేరుతోపాటు సీన్ కూడా చెప్పండి. "పుస్తకమే బెటర్" అని వదిలేయకండి, దయచేసి.