వెబ్‌సైట్ ఆర్‌ఎఫ్‌పీలో ఏమేం రాయాలి? (బరంపురం నేత సంఘం కోసం)

బరంపురం_మగ్గం
మా నేత సంఘానికి వెబ్‌సైట్ చేయించాలని కమిటీ తీర్మానించింది. ఆర్‌ఎఫ్‌పీ, అంటే కావాల్సిన పని వివరాలు రాసి కొటేషన్లు అడిగే పత్రం, రాసే పని నా మీద పడింది. ఇప్పటికి రాసింది ఇంతే: పట్టుచీరల ఫొటోలు, ధరలు, ఆన్‌లైన్ పేమెంట్, తెలుగు ఒడియా ఇంగ్లీషు మూడు భాషలు, మూడు నెలల్లో పూర్తి. పేజీ కూడా నిండలేదు. బడ్జెట్ చెప్పాలా వద్దా? డబ్బు ఎన్ని వాయిదాల్లో ఇవ్వాలి? ఏడాది తర్వాత సైట్ చూసుకునేదెవరు? చేయించినవాళ్లు చెప్పండి.

రాయగడ_లెక్కలు
డొమైన్ (సైట్ అడ్రస్) సంఘం పేరు మీదే, సంఘం ఈమెయిల్‌తోనే కొనాలని మొట్టమొదట రాయండి. మా స్కూలు సైట్ చేసినాయన తన పేరున కొన్నాడు. రెండేళ్లకి ఫోన్ ఎత్తడం మానేశాడు. రెన్యువల్ నోటీసులన్నీ ఆయనకే వెళ్లాయి. సరిగ్గా అడ్మిషన్ల టైములో సైట్ తెరిస్తే ఎవరివో ప్రకటనలు! స్కూలు బస్సు వెనక పెద్దక్షరాలతో రాయించిన అడ్రస్ అది. బస్సుకి మళ్లీ పెయింట్ వేయించాం.

జైపూర్_కోడర్
పన్నెండేళ్లుగా కొటేషన్లు ఇచ్చే వైపు ఉన్నాను, అందుకే చెబుతున్నా. బడ్జెట్ రాయండి. ఇంత నుంచి ఇంతలోపు అంటే చాలు. రాయకపోతే ఒకరు రెడీమేడ్ టెంప్లేట్‌కి ధర వేస్తారు, ఇంకొకరు మొత్తం కొత్తగా కట్టడానికి వేస్తారు. ఆ రెండింటినీ ఎలా పోలుస్తారు? ఎన్ని చీరలు, ఒక్కోదానికి ఎన్ని ఫొటోలు, అవి తీసేదెవరు, చీర అమ్ముడయ్యాక స్టాక్‌లోంచి తీసేదెవరు, ఇవన్నీ రాయాలి. ‘మంచి డిజైన్’ అని రాస్తే ఎవరికీ ఏమీ అర్థం కాదు. మూడు భాషలు చిన్న విషయం, ట్రాన్స్‌లేట్ బటన్ పెడితే అయిపోతుంది.

పర్లాకిమిడి_పంతులు
చిన్న విషయమా? మా సాహిత్య సంఘం సైట్ మునిగింది అక్కడే. నలభై వ్యాసాలు డీటీపీ చేయించి, ‘అను’ అనే డీటీపీ ఫాంట్లలో ఉన్న ఫైళ్లు ఇచ్చాం. చేసినాయన కంప్యూటర్లో ముత్యాల్లా కనిపించాయి. మా ఫోన్లలో తెరిస్తే ఇంగ్లీషు అక్షరాలు, కామాలు, డాలర్ గుర్తులు. అడిగితే పేజీలన్నీ బొమ్మలుగా మార్చి పెట్టాడు. ఇక గూగుల్లో ఒక్క రచయిత పేరు కూడా దొరకదు. చివరికి అంతా మళ్లీ టైపు చేయించాం.

జైపూర్_కోడర్
పంతులుగారూ, అది వెండర్ తప్పు కాదు. మ్యాటర్ యూనికోడ్‌లో, అంటే ఏ ఫోన్‌లోనైనా అదే అక్షరంగా కనిపించే పద్ధతిలో, ఇవ్వాల్సింది మీరే. 1991లో వచ్చిన యూనికోడ్ మొదటి వెర్షన్‌లోనే తెలుగూ ఒడియా రెండూ ఉన్నాయి. పాత ఫాంట్ల నుంచి దానిలోకి మార్చే కన్వర్టర్లు కూడా ఉన్నాయి.

పర్లాకిమిడి_పంతులు
కన్వర్టర్ సంగతి నాకు చెప్పకు బాబూ! తప్పిపోయిన ఒత్తులు ఏరుకుంటూ నలభై వ్యాసాలూ ఈ కళ్లతో చదివాను. యూనికోడ్‌లో ఇవ్వాలని ముందు ఎవరైనా చెబితే కదా మాకు తెలిసేది? పన్నెండేళ్లలో నువ్వు ఎంతమందికి చెప్పావు?

జైపూర్_కోడర్
అడిగిన ప్రతివాళ్లకీ చెప్పాను. నన్నెందుకు అంటున్నారు, మీ సైట్ చేసింది నేను కాదు.

బల్లార్షా_రైలు
మాది చంద్రపూర్ జిల్లా, మాకు తెలుగు, మరాఠీ రెండూ కావాలి. ట్రాన్స్‌లేట్ బటన్ మాట దయచేసి తీసేయండి అన్నా. పట్టు అంటే సిల్కూ అవుతుంది, పట్టుకోవడమూ అవుతుంది. వేలు పోసి చీర కొనేవాళ్లు చదివే పేజీని మనిషే రాయాలి. ఆ మనిషికి డబ్బు ఎవరిస్తారో కూడా ఆర్‌ఎఫ్‌పీలో ఉండాలి.

కోరాపుట్_కాఫీ
ఒడియా ఫాంట్ దొరకలేదని మా వెండర్ వారం పోగొట్టాడు. 2011లో రాష్ట్రం పేరు ఒడిశాగా మారినా యూనికోడ్ పట్టికలో ఇంకా ఒరియా అనే ఉంది. ఉచితంగా దొరికే నోటో ఫాంట్ పేరు కూడా నోటో సాన్స్ ఒరియా. ఆ పేరుతో వెతకమనండి. ఊరి పేరు స్పెల్లింగ్ కూడా ముందే తేల్చుకోండి, బరంపురం అని వెతికేవాళ్లు కొందరు పశ్చిమ బెంగాల్ బహరంపూర్‌కి వెళ్లిపోతున్నారు.

రాయగడ_లెక్కలు
స్టేషన్ బోర్డు మీద బ్రహ్మపుర్, యూనివర్సిటీ పేరులో బెర్హంపూర్. ఏది రాస్తారు?

బరంపురం_మగ్గం
మా ఇంట్లో, మా మగ్గాల దగ్గర అది బరంపురమే. తెలుగు పేజీలో అదే ఉంటుంది, దాని మీద బేరం లేదు. ఇంగ్లీషులో రెండు స్పెల్లింగులూ పెట్టమంటాను.

రాయగడ_లెక్కలు
సరేనమ్మా. ఇంకో మాట, ధర జీఎస్‌టీతో కలిపా, విడిగానా అని అడగండి. 18 శాతం అంటే చిన్న తేడా కాదు. మేం తక్కువ కొటేషన్ అనుకున్నదే బిల్లు వచ్చాక ఎక్కువైంది.

జైపూర్_కోడర్
వాయిదాల ప్రశ్నకి ఎవరూ జవాబివ్వలేదు. పని మొదట్లో కొంత, డిజైన్ ఒప్పుకున్నాక కొంత, మీ ఫోన్లలో పరీక్షించి చూశాక కొంత. హోస్టింగ్ (సైట్‌ని ఉంచే సర్వర్), అడ్మిన్, పేమెంట్ గేట్‌వే (ఆన్‌లైన్‌లో డబ్బు తీసుకునే సర్వీసు) పాస్‌వర్డులు, బ్యాకప్ కాపీ చేతికి వచ్చాకే ఆఖరిది. మెయింటెనెన్స్‌కి ఏడాదికెంతో విడి ధర అడగండి. పంతులుగారూ, భాషల సంగతిలో మీరన్నదే సరైనది. దాన్ని చిన్న విషయం అనకుండా ఉండాల్సింది.

బరంపురం_మగ్గం
భాషల పేరా ఇలా మార్చాను: ‘తెలుగు, ఒడియా మ్యాటర్ సంఘమే యూనికోడ్‌లో ఇస్తుంది. పేజీల్లో అక్షరాలు అక్షరాలుగానే ఉండాలి, బొమ్మలుగా పెట్టకూడదు. మేమిచ్చే పాత ఆండ్రాయిడ్ ఫోన్‌లో ఫోడా కుంభ అంచు చీర పేజీ మూడు భాషల్లో తెరిచి చూపించాకే ఆ వాయిదా విడుదలవుతుంది.’ ఆదివారం కమిటీలో చదువుతాను.

పర్లాకిమిడి_పంతులు
పంపే ముందు నాకొకసారి పంపమ్మా. తెలుగు నేను చూస్తాను. ఒడియాకి మా పక్కింటి మాస్టారున్నారు, ఆయన చేత చదివిస్తాను.