ఇల్లే లేనప్పుడు ఫలకం ఎందుకు?

పాతమేడ: లండన్‌లో పాత ఇళ్ల గోడలకి గుండ్రటి నీలం ఫలకాలుంటాయి కదా, ‘ఫలానావారు ఇక్కడ ఉండేవారు’ అని. వాటిని పెట్టే ఇంగ్లిష్ హెరిటేజ్ అనే చారిత్రక కట్టడాల సంస్థ వాళ్ల నిబంధన ప్రకారం మనిషి పోయి 20 ఏళ్లు దాటాలి, ఉన్న ఇల్లు ఇంకా నిలిచి ఉండాలి. రెండోది నాకు సబబే అనిపిస్తుంది. కూల్చి కట్టిన షాపు మీద ‘ఇక్కడ ఉండేవారు’ అని రాస్తే అబద్ధమే కదా?

గడపదాటి: ఎలా అవుతుందండీ? నేల ఎక్కడికీ పోలేదుగా. 1867లో మొట్టమొదటి ఫలకం పెట్టింది కవి బైరన్ పుట్టిన హోలిస్ స్ట్రీట్ ఇంటికే. 1889లో ఆ ఇల్లు కూల్చేశారు. అంతమాత్రాన బైరన్ ఇంకెక్కడో పుట్టినట్టా?

పాతమేడ: వెటకారం బాగుంది గానీ, ఆయన ఎక్కిన మెట్లు ఉంటేనే ఆగి చూడబుద్ధేస్తుంది. బ్రూక్ స్ట్రీట్ 25లో సంగీతకర్త హాండెల్ 1723 నుంచి 1759లో పోయేదాకా ఉన్నాడు. పక్కనే 23లో, పైఅంతస్తులో, 1968-69లో రాక్ గిటారిస్టు జిమీ హెండ్రిక్స్! గోడకి అటొకరు, ఇటొకరు. వాటిని కూల్చి ఆఫీసు కట్టేసి ఉంటే ఈ మజా ఉండేదా?

మూడోగది: మధ్యలో దూరుతున్నా, సారీ. ఈ నిబంధనతో ఎవరు తప్పిపోతున్నారో చూడండి. డబ్బున్నవాళ్ల మేడలు నిలుస్తాయి. ఇరుకు వాడల్లో అద్దెకున్నవాళ్ల సంగతో? రెండో ప్రపంచయుద్ధం బాంబులకి లండన్ తూర్పున పేదలుండే ఈస్ట్ ఎండ్‌లో వీధులకి వీధులే పోయాయి. అక్కడ పెరిగి పేరు తెచ్చుకున్నవాళ్లలో ఎందరికో గోడే మిగల్లేదు.

పాతమేడ: ఇది తట్టలేదు నాకు. అయినా ఫలకం ఉంటే ఇల్లు కూల్చడానికి జంకుతారు, ఆ లాభమైనా...

గడపదాటి: చట్టపరంగా ఫలకంతో ఏ రక్షణా రాదండీ. దానికి వారసత్వ కట్టడాల జాబితాలో వేరేగా చేర్చాలి.

మూడోగది: గోడ లేకపోతే నేల ఉంది. నాజీల బాధితుల కోసం జర్మన్ కళాకారుడు గుంటర్ డెమ్నిగ్ చేసేది అదే. 10 సెంటీమీటర్ల రాయి, పైన ఇత్తడి రేకు. వాళ్లు తమ ఇష్టంతో ఉన్న చివరి ఇంటి ముందు కాలిబాటలో పాతుతాడు. ఆ ఇల్లు లేని చోటా పాతుతారు. ‘ఇక్కడ నివసించారు’ అనే ఉంటుంది. దాన్నీ అబద్ధమంటారా?

పాతమేడ: అనలేను. సరే, ఒక్క షరతు. లండన్ నడిబొడ్డున ఉన్న పాత నగరభాగం ‘సిటీ ఆఫ్ లండన్’ వేరేగా పెట్టుకునే ఫలకాల మీద చాలాచోట్ల ‘ఫలానాది ఉండిన స్థలం’ అని ఉంటుంది. ఆ ‘స్థలం’ అన్న మాట చేర్చండి, నాకు పేచీ లేదు. కొత్త షాపు ఓనర్‌ని ఒప్పించడం మాత్రం మీ తలనొప్పి.